ఎండకు తేలిన గీతలు

విశ్వనాథం పాలిష్ పెట్టి కారు తెచ్చిన రోజున మబ్బుగా ఉంది. అందుకే నాకేమీ కనిపించలేదు.

కారు నా భార్య భానుమతిది. నల్లరంగు. నవంబరులో ఆమె పోయినప్పటి నుంచి గరాజ్‌లో కదలకుండా ఉంది. మే నెలలో విశ్వనాథం వచ్చి, అది అలా దుమ్ము పట్టి ఉంటే చూడలేకపోతున్నానని, తన దగ్గర కొత్త మెషీన్ ఉందని, శని, ఆదివారాలు తన గరాజ్‌లో పెట్టుకుని బాగుచేసి తెస్తానని అన్నాడు. తాళం ఇచ్చాను. ఇవ్వకపోతే కారణం చెప్పవలసి వచ్చేది. తిరిగి తెచ్చినప్పుడు కారు అప్పుడే నీళ్ళలోంచి తీసినట్టు ఉంది. ఆయన బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కాసేపు తియ్యకుండా అలాగే ఉంచి, "భానుగారు చూస్తే సంతోషించేవారు మాస్టారూ" అన్నాడు.

థాంక్స్ చెప్పాను. ఆ మాట ఆయన అనవలసింది కాదని మాత్రం లోపల అనుకున్నాను. ఆమె దేనికి సంతోషిస్తుందో చెప్పే హక్కు ఈ ఊళ్ళో ఒక్కడికే ఉండాలి.

జూన్‌లో స్కూలు మూసేశారు. నేను హైస్కూల్లో కెమిస్ట్రీ చెబుతాను. సెలవుల్లో మొదటి పనిగా కారును డ్రైవ్‌వేలోకి తెచ్చి సబ్బునీళ్ళతో కడిగాను. ఎండ బాగా కాస్తోంది. తుడిచి లేచి నిలబడేసరికి తలుపుల మీద, బానెట్ మీద సన్నని గీతలు కనిపించాయి. దువ్వెనతో దువ్వినట్టు వంపులు తిరిగి, ఒకదాని మీదుగా ఒకటి పోతున్నాయి. నేను పక్కకు జరిగితే అవీ జరిగాయి. మధ్యలో నూనె ఒలికిన నీటి మీద తేలే రంగులు. గరాజ్‌లోకి తోసి చూస్తే ఒక్కటీ లేదు. మళ్ళీ ఎండలోకి తెస్తే అన్నీ ఉన్నాయి.

ఆ సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని, కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు రాసుకునే చోట చదివాను. వేగంగా ఒకే వైపు తిరిగే మెషీన్‌కి గరుకు ఉన్ని ప్యాడ్ తగిలించి, చెయ్యి తిరగనివాడు నల్లరంగు మీద పెడితే ఇలాగే అవుతుందట. రంగు మీద ఉండే పారదర్శకమైన పూతలో మెషీన్ నడిచిన దారంతా అచ్చుపడుతుంది. పాలిష్‌లో ఉండే నూనె కొన్నాళ్ళు దాన్ని కప్పి ఉంచుతుంది. సబ్బునీళ్ళతో కడిగితే బయటపడుతుంది. తెల్లకారు మీద అయితే ఎవరికీ తెలియదు. నలుపు ఏదీ దాచదు.

విశ్వనాథానికి చెప్పలేదు. చెబితే వచ్చి తనే సరిచేస్తానంటాడు. మళ్ళీ రెండు రోజులు కారు ఆయన గరాజ్‌లో ఉంటుంది.

ఆయన మా వీధికి రెండు వీధుల అవతల ఉంటాడు. ఆయనకీ భానుమతికీ షికాగోలో ఆఫీసులు, ఒకరిది ఇన్సూరెన్సు, ఒకరిది బ్యాంకు. మా ఊరు నేపర్‌విల్ స్టేషన్‌లో కారు పెట్టి రైలెక్కాలంటే సిటీవాళ్ళ పర్మిట్ కావాలి. దానికి ఏళ్ళ తరబడి వరుసలో ఉండాలి. మేం ముందు వచ్చాం కాబట్టి భానుమతికి ఉంది. ఆయనకు లేదు. అందుకని ఆమె రోజూ పొద్దున్నే ఆయన ఇంటి ముందు ఆగి ఎక్కించుకునేది. సాయంత్రం దింపేది. నా స్కూలు తెల్లవారీ తెల్లవారకముందే మొదలవుతుంది. ఆమె లేచి కాఫీ కలుపుకునేసరికి నేను తరగతిలో ఉంటాను. ఆ కారులో ముందు సీటులో ఆమె పక్కన నాకంటే ఆయనే ఎక్కువ కూర్చున్నాడు. ఆమె ఉన్నన్నాళ్ళూ ఈ సంగతి నాకు ఏ ఇబ్బందీ కలిగించలేదు. మంచి ఏర్పాటు అని నేనే అనేవాణ్ణి.

పన్నెండో రోజు భోజనాలప్పుడు విశ్వనాథం లేచి మాట్లాడాడు. రైల్లో టికెట్లు చూసే కండక్టర్‌ని భానుమతి ఎలా అనుకరించేదో చేసి చూపించాడు. గొంతు సవరించుకోవడం, టోపీ సర్దుకోవడం, స్టేషన్ పేర్లు ముక్కుతో పలకడం. హాల్లో అందరూ ఏడుస్తూనే నవ్వారు. నేనూ నవ్వాను. ఇరవయ్యారేళ్ళ కాపురంలో ఆమె నా ముందు ఎవరినీ అనుకరించలేదు. ఆమెకు ఆ విద్య ఉందని నాకు ఆ రోజు తెలిసింది.

మెల్లగా అటూ ఇటూ ఊగుతూ తిరిగే మెషీన్ ఒకటి కొన్నాను. కొత్తవాళ్ళ చేతిలో కూడా అది రంగును కాల్చదట. మెత్తని ఫోమ్ ప్యాడ్లు, సన్నరకం పాలిష్ ఒక సీసా, నీలం టేపు తెచ్చుకున్నాను. పని పద్ధతి నాకు నచ్చింది. ముందు స్పిరిట్ కలిపిన నీళ్ళతో తుడిచి, మిగిలిన నూనె తీసెయ్యాలి. అప్పుడు దెబ్బ ఎంతో అంతే కనిపిస్తుంది. రంగు పలచగా ఉండే అంచులకు టేపు వెయ్యాలి. వెనక తలుపు కింద ఎవరూ చూడని చోట చిన్న చదరం ఎంచుకుని ప్రయత్నించాలి. ఎక్కువ నొక్కకూడదు. నొక్కితే త్వరగా పోతుందనుకోవడమే మొదటివాడు చేసిన తప్పు.

మొదటి చదరం తుడిచి ఎండలో చూశాను. గీతలు లేవు. మధ్యలో ఒక్క ముక్క నిజమైన నలుపు, చుట్టూ విశ్వనాథం. చాలాకాలం తర్వాత నాకు ఆకలి వేసింది.

రచన బోస్టన్ నుంచి ఫోన్ చేసింది. మా అమ్మాయి. అక్కడే ఉద్యోగం. ఏం చేస్తున్నావని అడిగితే చెప్పాను. విశ్వనాథం అంకుల్ కారు కొనుక్కుంటానని తనని అడిగాడని, నాన్నని అడగడానికి మొహమాటపడుతున్నాడని చెప్పింది.

"అంకుల్‌కి ఇచ్చెయ్ నాన్నా. ఇట్స్ జస్ట్ సిట్టింగ్ దేర్. హీ రియల్లీ వాంట్స్ ఇట్."

ఆలోచిస్తానన్నాను. ఆ మాట కూడా నెమ్మదిగా అన్నాను. ఫోన్ పెట్టాక మెషీన్ ఆన్ చేసి ఒక తలుపు పూర్తిచేశాను. ఆయన అడిగే లోపల ఆయన చెయ్యి పడిన గుర్తు ఒక్కటి కూడా ఆ కారు మీద మిగలకూడదు. ఆ తర్వాత ఇవ్వాలో వద్దో చూద్దాం అనుకున్నాను. నిజానికి అప్పటికే చూసేశాను. ఇవ్వను.

మర్నాడు రాధారాణి వచ్చింది. విశ్వనాథం భార్య. బీరకాయ పచ్చడి, చపాతీలు తెచ్చింది. మోకాళ్ళకు స్పాంజి కట్టుకుని టైరు పక్కన కూర్చున్న నన్ను చూసి డ్రైవ్‌వేలోనే ఆగిపోయింది.

"మీకూ అంటుకుందా అన్నయ్యగారూ ఈ పిచ్చి? మా ఇంట్లో ఒకరు చాలరనుకున్నానే."

ఊరికే మెరుగు పెడుతున్నానన్నాను. ఆమెకు గీతలు కనిపించలేదు. చూసే అలవాటు లేనివాళ్ళకి కనిపించవు. గిన్నెలు లోపల పెట్టి వచ్చి నీడలో నిలబడి, వాళ్ళాయన పొద్దున్నే స్టేషన్‌కి పడే అవస్థ చెప్పడం మొదలుపెట్టింది. ఒకరోజు తను దింపుతుందట, ఒకరోజు బస్సట, ఒకరోజు ఎవరో తమిళాయన.

పర్మిట్ ఇంకా రాలేదా అని మాటవరసకు అడిగాను.

"రాకేం? రెండేళ్ళ కిందటే వచ్చింది. సిటీవాళ్ళు ఫోన్ చేస్తే ఈయనే వద్దన్నారు. భానువదిన పక్కన సీటుండగా మూడు నెలలకోసారి ఫీజు దండగ కాదూ అన్నారు. పిసినారితనం అన్నయ్యగారూ, పుట్టుకతో వచ్చింది. ఇప్పుడు అనుభవిస్తున్నారు."

నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె తన భర్తని పిసినారి అనుకుంటోంది. అలా అనుకోగలగడం అదృష్టం. నాకు తెలిసిన విశ్వనాథం పిసినారి కాదు. భోజనానికి వెళితే బిల్లు ఎవరి చేతికీ అందనివ్వడు.

వెళ్ళేముందు, ఆదివారం ఆయన వచ్చి కారు సంగతి మాట్లాడతారని, కాదనవద్దని చెప్పింది. "నడిపేవాళ్ళ చేతిలో ఉంటే వదిన ఆత్మ శాంతిస్తుంది అన్నయ్యగారూ" అంది. ఆదివారం రమ్మనండి అన్నాను.

ఆ తర్వాత రెండు రోజులు మెషీన్‌ను నొక్కకుండా పట్టుకోవడానికి చాలా కష్టపడ్డాను. చెయ్యి దానంతట అది బరువెక్కేది. ఏడాదిన్నర పొద్దుటిపూటలు. అవసరం తీరాక కూడా కావాలనుకున్న పొద్దుటిపూటలు. ఆమెకు తెలుసా? తెలిసీ వీధి మూల తిరిగి ఆయన ఇంటి ముందు ఆగేదా? వాళ్ళిద్దరి మధ్య తప్పు ఏదో ఉందని నేను అనుకోలేదు. ఇప్పుడూ అనుకోను. తప్పు అయితే కోపం తెచ్చుకోవచ్చు. ఇది అది కాదు. ఆమె మాటల్లో నాకు రాని భాగం ఒకటి ఉంది, అది ఆయన దగ్గర ఉంది. అంతే. ఎడమవైపు తలుపులు, వెనక డిక్కీ మూత, కుడివైపు తలుపులు పూర్తయ్యాయి. ఎక్కడ చూసినా ఆయన లేడు.

బానెట్ చివరికి ఉంచుకున్నాను. అన్నిటికంటే పెద్దది, ఎండ నేరుగా పడేది. శనివారం పొద్దున స్పిరిట్ నీళ్ళతో తుడిచి వంగి చూస్తే, ముందు అంచుకు జానెడు లోపల గుండ్రని మచ్చలు కనిపించాయి. వేలి కొన అంత. జానకొకటి చొప్పున వరుసగా ఐదు. రంగు పోలేదు. పైపూత కొంచెం తినేసినట్టు మసకగా ఉంది, అంతే. సూర్యుడు పక్కవాటుగా ఉన్నప్పుడే తెలుస్తున్నాయి. విచిత్రం ఏమిటంటే విశ్వనాథం గీతలు వాటి దాకా వచ్చి, ప్రతి మచ్చ దగ్గరా పక్కకు తిరిగి, చుట్టివెళ్ళి, మళ్ళీ కలుసుకుంటున్నాయి. కావాలని తప్పించాడు.

నాకు వెంటనే అర్థమైందనుకున్నాను. ఆయన గరాజ్‌లో ఏదో ద్రావకం చిందింది. పైపూత తినేసింది. దాని మీద మెషీన్ పెడితే ఇంకా చెడుతుందని భయపడి, చుట్టూ మెరుగు పెట్టి, మబ్బు రోజు చూసి తెచ్చి ఇచ్చాడు. భానుగారు సంతోషించేవారు అన్నాడు.

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు కలిగినది బాధ కాదు. చేతికి ఒక ఆధారం దొరికింది. రేపు ఆయన కారు అడుగుతాడు. నేను బానెట్ దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తాను. ఇంకేమీ అననక్కర్లేదు. అడిగే ముఖం ఉండదు. అయినా ఇది నేను సరిచేసుకోగలనని కూడా ఆయనకు తెలియాలి. అందుకని కుడివైపు చివరి మచ్చ మీద కొంచెం గట్టిరకం పాలిష్ వేసి, ఓపిగ్గా, చిన్న ప్యాడ్‌తో పని చేశాను. మూడోసారి తుడిచేసరికి పూర్తిగా పోయింది. అక్కడ ఏదో ఉండేదని ఎవరూ చెప్పలేరు. మిగిలిన నాలుగూ సాక్ష్యానికి ఉంచాను.

ఆదివారం బాగా ఎండ కాసింది. విశ్వనాథం నడిచి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చిక్కాడు. లోపలికి రమ్మనలేదు. కారు దగ్గరే నిలబడ్డాం. ఆయన చుట్టూ తిరిగి తలుపులు చూసి, "అబ్బ, ఏం చేశారు మాస్టారూ. నేను పెట్టింది దీని ముందు ఎందుకూ పనికిరాదు" అన్నాడు. గీతలు పడ్డాయని ఆయనకు తెలియనే తెలియదు. అప్పుడు నేను చెప్పలేదు. బానెట్ దగ్గరికి పిలిచాను.

"ఇవేమిటి విశ్వనాథంగారూ? మీ దగ్గర ఏమన్నా ఒలికిందా?"

ఆయన వంగాడు. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. వేలితో తాకకుండా గాలిలోనే ఒక్కొక్కటీ చూపించుకుంటూ వెళ్ళి, కుడివైపు చివర ఆగాడు. అక్కడ వేలు అలాగే ఉండిపోయింది.

"ఐదుండాలే."

"ఒకటి తీశాను. మిగిలినవీ పోతాయి. కష్టమేం కాదు."

"తీశారా?"

"మచ్చ కదా."

ఆయన నిటారుగా నిలబడ్డాడు. నా వైపు కాక వీధి వైపు చూస్తూ చాలా మెల్లగా అన్నాడు.

"అవి బొట్లు మాస్టారూ. దసరా బొట్లు. మీకు తెలుసనుకున్నాను."

తర్వాత ఆయన చెప్పింది ఇది. ఇక్కడ దసరాకి సెలవుండదు. గరాజ్‌లో చేస్తే నిమ్మకాయ రసం కాంక్రీటు మీద మరక కడుతుందని మాస్టారు అంటారని, స్టేషన్‌లో కారు ఆపాక, రైలుకి ముందు, కారు పూజ భానుమతి అక్కడే చేసేది. డబ్బాలో పసుపు, కుంకుమ తడిపి తెచ్చుకునేది. బానెట్ వేడిగా ఉండేది. ఉంగరపు వేలితో ఐదు బొట్లు. ముందు ఏడాది గుర్తు ఎక్కడ కనిపిస్తే మళ్ళీ అక్కడే. విశ్వనాథం ఆమె సంచి పట్టుకుని, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవాడు. రైలు వచ్చేస్తోందండీ అంటే, దుర్గమ్మ కంటే మీ రైలు గొప్పదా అనేదట. నిమ్మకాయలు తొక్కించడానికి కారు ఒక్క అడుగు ముందుకు, ఒక్క అడుగు వెనక్కి. పక్కన కార్లు పెట్టుకునే అమెరికన్లు కొందరికి అలవాటైపోయి, ఈ ఏడు ఎప్పుడని అడిగేవాళ్ళట. సాయంత్రం వచ్చి రుమాలుతో తుడిచేసేది. గుర్తు ఉండిపోయేది.

"పాలిష్ పెడుతుంటే కనిపించాయి. వాటి మీదికి మెషీన్ పోనిస్తానా? ఒక్కొక్కదాని చుట్టూ తిప్పాను" అన్నాడు.

కుంకుమ అంటే పసుపూ సున్నమూ. ప్రతి సెప్టెంబరులో పిల్లలకు ఆమ్లాలూ క్షారాలూ చెప్పేటప్పుడు పసుపు కాగితం మీద సున్నపు నీటి చుక్క వేసి ఎరుపెక్కడం చూపిస్తాను. ఆ పసుపు భానుమతి వంటింట్లోదే. వేడి రేకు మీద ఒక పగలంతా ఆ తడి ముద్ద ఉంటే పైపూతను తినడానికి వేరే ద్రావకం అక్కర్లేదు. ఇది నాకు తెలియవలసిన విషయం. రెండు విధాలా తెలియవలసిన విషయం.

విశ్వనాథం ఆ ఐదోదాని గురించి ఇంకేమీ అనలేదు. అంటే బాగుండేది. ఆయన జాలిపడ్డాడు. అది భరించడం కష్టమైంది.

"కారు అడుగుదామని వచ్చాను" అన్నాడు కాసేపటికి. "ఇవ్వరని తెలుసు. నేనైనా ఇవ్వను."

"ఇవ్వను" అన్నాను.

తల ఊపాడు. వెళ్ళడానికి తిరిగాడు. అప్పుడు అడిగాను. అడగకూడదని ఏడు నెలలుగా అనుకుంటున్న మాట, ఎండలో, పాలిష్ గుడ్డ చేతిలో పట్టుకుని అడిగాను.

"రోజూ ఏం మాట్లాడేది?"

ఆయన ఆగాడు. జవాబు చెబుతాడనుకున్నాను. ముఖం చూస్తే చెప్పడానికి చాలా ఉన్నట్టే ఉంది. పెదవులు కదిలాయి కూడా. తర్వాత మూసుకున్నాయి. ఆ ముఖం నాకు తెలిసినదే. అది అద్దంలో రోజూ చూస్తున్నాను. తాళం అడిగిన రోజున నా ముఖం ఆయనకు అలాగే కనిపించి ఉండాలి.

"కారు మీ దగ్గర ఉంది, ఇల్లుంది, రచన ఉంది" అన్నాడు. "అది మాత్రం అడక్కండి మాస్టారూ."

కోపంగా అనలేదు. ప్రాధేయపడుతున్నట్టు అన్నాడు. కాలిబాట దాకా వెళ్ళి, ఏమనుకున్నాడో మళ్ళీ వచ్చాడు.

"ఒకటి చెబుతాను. వాన వస్తే వైపర్లు వెయ్యడానికి ఇష్టపడేవారు కాదు. అద్దం మీద చినుకులు నిండిపోయేదాకా చూసి, నేను భయపడి అరిస్తే అప్పుడు వేసేవారు."

అది చెప్పి వెళ్ళిపోయాడు. మంచి మాటే. నాకు తెలియనిదే. కానీ ఆయన వీధి మలుపు తిరిగేదాకా నేను ఆలోచించింది ఒకటే. ఉన్నవాటిలో ఇవ్వడానికి వీలైనంత చిన్నది ఏరి నాకు ఇచ్చాడు. పెద్దవి తన దగ్గర ఉంచుకున్నాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. అందుకే ఆయన్ని ఏమీ అనలేకపోయాను.

మధ్యాహ్నం నాలుగు మచ్చల మీద నీలం టేపు గుండ్రంగా కత్తిరించి అంటించాను. బానెట్ మిగతా భాగమంతా మెషీన్‌తో శుభ్రం చేశాను. మచ్చల దగ్గరికి వచ్చాక మెషీన్ పక్కన పెట్టి, వేలికి గుడ్డ చుట్టుకుని చేత్తో మొదలుపెట్టాను. టేపు తీసి చూస్తే, ఒకదాని అంచు పలచబడింది. చెయ్యి ఎంత మెత్తగా పోయినా దేన్ని తియ్యాలో దేన్ని ఉంచాలో దానికి తెలియదు. విశ్వనాథం గీతలు ఆమె బొట్లను ఆనుకునే ఉన్నాయి. మధ్యలో గుడ్డ దూరే చోటు లేదు. ఆయనవి పూర్తిగా తీయాలంటే ఆమెవి పోతాయి. ఆమెవి ఉండాలంటే ఆయన చుట్టూ ఉండాలి.

చాలాసేపు గుడ్డ పట్టుకుని కూర్చున్నాను. ఒక దశలో సీసా మూత తీశాను కూడా. నాలుగూ తీసేస్తే కారు అంతా ఒకే నలుపు అవుతుంది. ఎవరిదీ కాకుండా, కొన్నరోజు ఎలా ఉందో అలా. అప్పుడు ఆయన్ని చూసి నేను కుళ్ళుకోవడానికి దాని మీద ఏమీ ఉండదు.

మూత పెట్టేశాను.

సాయంత్రం రచన ఫోన్ చేసింది. అంకుల్ వచ్చాడా, కారు ఇచ్చావా అని అడిగింది. ఇవ్వలేదన్నాను.

"వై, నాన్నా?"

"పని ఇంకా కాలేదమ్మా. బానెట్ మీద కొంచెం మిగిలింది."

"ఎంత టైం పడుతుంది?"

కిటికీలోంచి చూశాను. పొద్దు వాలుతోంది. ఏటవాలు వెలుతురులో నాలుగు చోట్లా గీతలు వచ్చి, తిరిగి, చుట్టివెళుతున్నాయి. ఇంత దూరం నుంచి కూడా తెలుస్తోంది. లేదా నాకే తెలుస్తోంది.

"అది అలాగే ఉంటుంది" అన్నాను.